హఫీజ్‌పేట్ మేడ మీద రెండో డిష్

సాయిలు పుట్టింది గోపన్‌పల్లిలో. వాళ్ల నాన్న జొన్న వేసిన చెలకలో ఇప్పుడు పద్నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. దాని మేడ మీద డిష్‌లు బిగించింది కూడా సాయిలే. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఇప్పుడు కంప్లైంట్లు ఫోన్‌లో వస్తాయి. ఒక్కో ఇంటికి ఇరవై నిమిషాలే. అంతకు మించితే సూపర్‌వైజర్ రవీందర్ ఫోన్ చేస్తాడు.

ఆ మధ్యాహ్నం హఫీజ్‌పేట్‌లో ఒక మూడంతస్తుల ఇంటికి వెళ్లాడు. ఆ ఇంటి నుంచి అప్పటికే మూడు కంప్లైంట్లు వచ్చాయి. మూడింటినీ 'బొమ్మ బాగానే ఉంది' అని మూసేశారు. తలుపు తీసింది రామ్మోహనరావు. కాకినాడలో ఉద్యోగం చేసి రిటైరై, కూతురు నీహారిక దగ్గర ఉంటున్నాడు. ఆమె రాయదుర్గంలో ఆఫీసుకు వెళ్లింది. ఆయన తడబడకుండా నడిచివెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

సాయిలు టీవీ పెట్టాడు. జాబితాలో ప్రతి ఛానెలూ రెండేసిసార్లు ఉంది. కార్యక్రమాల పట్టికలో సగం గళ్లు ఖాళీ.

"బొమ్మ మంచిగనే వస్తున్నది గద సార్. రెండుంటే ఏమైతది? ఏదో ఒకటి చూడుండ్రి. గింత దానికి పరేషాన్ ఎందుకు?"

"చూడలేను బాబూ. షుగరు వల్ల రెండేళ్ల కిందట చూపు పోయింది."

సాయిలు టీవీ మీంచి ఆయన వైపు తిరిగాడు.

"బాణం మీట ఎన్నిసార్లు నొక్కితే ఏ ఛానెల్ వస్తుందో లెక్క నేర్చుకున్నాను," అన్నాడు రామ్మోహనరావు. "ఏ కార్యక్రమం నడుస్తోందో, చూపు లేనివాళ్ల కోసం టీవీలో ఉండే గొంతు చదివి చెప్పేది. నెల కిందట మీవాళ్లెవరో వచ్చి ఛానెళ్లన్నీ కొత్తగా వెతికించి వెళ్లారు. అప్పట్నుంచి లెక్క తప్పింది. గొంతేమో 'సమాచారం లేదు' అంటుంది. పొద్దంతా నాకు తోడు అదొక్కటేనండి."

"మాఫ్ చేయుండ్రి సార్. నేను చూసుకోలే."

సాయిలు జాబితా అంతా చెరిపేసి మళ్లీ వెతికించాడు. మళ్లీ జంటలే వచ్చాయి. ఇంకోసారి చేశాడు. అంతే.

"ఒక మాట చెప్పనా అండీ?" అన్నాడు రామ్మోహనరావు. "ఆ రెండూ ఒకటి కాదు. రెండోదాంట్లో మాట కొంచెం వెనకబడుతుంది. అలా వెనకబడేదాంట్లోనే గొంతు కార్యక్రమం పేరు చెప్పదు."

సాయిలు కళ్లు మూసుకుని, వార్తల ఛానెల్ నుంచి దాని జంటకు మీట నొక్కాడు. వార్తలు చదివే అమ్మాయి చివరి మాట మళ్లీ వినబడింది. నిజమే! టీవీ ఒకదాన్నే రెండుసార్లు రాసుకుంటే ఇలా కాదు. ఇది రెండు దారుల్లో వస్తోంది.

మేడ ఎక్కాడు. నీళ్ల ట్యాంకు వెనక, కొత్త డిష్‌కు అవతల, తుప్పు పట్టిన పాత డిష్ ఇంకొకటుంది. దాన్ని ఎవరూ విప్పలేదు. దాని వైరు కూడా ఈ లైనుకే కలిపి ఉంది. అది వేరే ఉపగ్రహాన్ని చూస్తోంది. దాన్నుంచి ఛానెళ్లు వస్తాయి గాని కార్యక్రమాల వివరాలు రావు. వైరు విప్పి కిందికి దిగి మళ్లీ వెతికించాడు. జంటలు పోయాయి.

అంతలో రవీందర్ ఫోన్. "గంటైంది. ఏంది సాయిలూ, ఇంక అక్కడ్నే ఉన్నవా?"

"మనోళ్లు మూడుసార్లు మూసిన కంప్లైంటే అన్నా. ఈసారి పూరా చేసి వస్త."

ఛానెళ్ల వరుస ఇంకా రామ్మోహనరావు లెక్క ప్రకారం లేదు. ఆయన చెబుతుంటే సాయిలు ఒక్కొక్కటీ సర్దాడు. భక్తి ఛానెల్ మూడో నంబరు. వార్తలు ఏడు. పాత పాటలు పదకొండు. ఇరవై మూడు దగ్గర ఆయన ఆగాడు.

"వంటలది. మా ఆవిడ చూసేది. నేను పెట్టను. అయినా అక్కడే ఉండనివ్వండి."

"ఉంటది సార్."

పట్టిక నిండటానికి అరగంట పడుతుంది. రవీందర్ మళ్లీ ఫోన్ చేసినా సాయిలు ఎత్తలేదు. ఎట్టకేలకు గొంతు పలికింది: "నాలుగు గంటలకు, పాడిపంటలు. నాలుగున్నరకు, హరికథ." రామ్మోహనరావు రాత్రి పది గంటల కార్యక్రమం దాకా మొత్తం చదివించుకుని విన్నాడు.

తర్వాత రిమోట్ తీసుకుని పాత పాటల కోసం నొక్కుతూ వెళ్లాడు. ఒకటి ఎక్కువ నొక్కాడు. సాయిలు చెయ్యి రిమోట్ మీదికి పోబోయి ఆగింది. ఆయన ఒకటి వెనక్కి వచ్చాడు. పాట మొదలైంది. సాయిలు చప్పుడు కాకుండా సంచి సర్దుకున్నాడు.