అక్క చెవి, కారు అద్దం

నేను లిఫ్టు మెకానిక్‌ని. పెట్టెడు మనుషుల్ని పై అంతస్తులకు మోసుకెళ్లే యంత్రం నా మాట వింటుంది. ఆ గొప్ప నాకు కాస్త ఎక్కువే. మా వీధిలో ఎవరింట్లో మిక్సీ మూలిగినా, పిలవకపోయినా వెళ్లి దాని ముందు కూర్చుంటాను. అలాంటివాణ్ణి, జానెడు అద్దాన్ని పైకి లేపలేక ఒక పూటంతా కారు తలుపు ముందు చతికిలబడ్డాను.

ఆ సాయంత్రం అక్కను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకురావాలి. ఎడమ చెవికి ఆపరేషన్ అయింది. కుడి చెవి ముందు నుంచే అంతంత మాత్రం. చెవికి గాలి తగలకూడదని డాక్టరుగారు చెబుతుంటే, "మా కారుంది కదండీ" అని ఛాతీ విరిచాను. అక్క కూడా "మా తమ్ముడు నడిపితేనే వస్తా" అని నర్సుతో తేల్చి చెప్పింది. నా పనితనాన్ని నమ్మే మనిషి ఈ భూమ్మీద అక్క ఒక్కతే. చిన్నప్పుడు నేను రేడియో విప్పి పాడుచేస్తే, "ముందుకంటే బాగా మోగుతోంది నాన్నా" అని ఆయన ముందు అబద్ధమాడి నన్ను కాపాడింది. ఆ తర్వాత ఆ రేడియో మళ్లీ మోగలేదు.

మా కారు ముసలిది. మధ్యాహ్నం తుడుద్దామని ఎడమవైపు ముందు అద్దం దించాను. సగం దిగి ఆగిపోయింది. ఆ తలుపు మీది స్విచ్ ఎటు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. డ్రైవరు వైపు నుంచి ఆ అద్దాన్ని నడిపే మీట ఎప్పుడో ఊడిపోయింది. మా ఆవిడ గుర్తుచేసినప్పుడల్లా "నేను చూసుకుంటాగా" అంటూ వచ్చాను.

"టాక్సీ పిలుద్దామండీ," అంది మా ఆవిడ.

"లిఫ్టు మెకానిక్ ఇంట్లో అద్దం పైకి లేవలేదంటే నలుగురూ నవ్వరూ?"

"నలుగురూ ఎప్పటి నుంచో నవ్వుతున్నారు. ఎదురింటివాళ్ల ఫ్యాను విప్పారు కదా, అదింకా నేల మీదే ఉంది."

నేను విననట్టు నటించి స్క్రూడ్రైవరు అందుకున్నాను.

మా పనిలో ఒక నియమం ఉంది. లోపల చెయ్యి పెట్టే ముందు, బయట ఎవరూ మీట నొక్కకుండా తాళం వేయాలి. పని పూర్తయ్యాకే తీయాలి. ఇది నాకు నేర్పిన మేస్త్రీకి ఒక వేలు లేదు, అందుకే బాగా నాటుకుంది. ఎంతగా అంటే, నేను ఆలోచించేలోపే నా చెయ్యి ఆ పని చేసేస్తుంది. కారులోనూ డ్రైవరు తలుపు మీద అలాంటి బొత్తం ఉంటుంది. పిల్లలు అద్దాలతో ఆడకుండా పెట్టారు. అది నొక్కితే మిగతా తలుపుల స్విచ్‌లేవీ పనిచేయవు. నా చెయ్యి దాన్ని నొక్కేసింది. మీకు ఇప్పుడే చెప్పేస్తున్నాను గానీ, నాకు తెలిసింది సాయంత్రమే.

తలుపు లోపలి అట్ట పీకాను. క్లిప్పులు టపటపా విరిగాయి. మోటారుకు కరెంటు వచ్చే ప్లగ్గు వదులై, దుమ్ము పట్టి ఉంది. ఊది, తుడిచి, బిగించాను. అసలు జబ్బు అదే. అక్కడితో బాగైపోయింది కూడా. "ఇటు చూడు!" అని మా ఆవిడను కేకేసి స్విచ్ నొక్కాను. కదల్లేదు.

రోగం కుదిరాక వైద్యం మొదలుపెట్టింది బహుశా నేనొక్కణ్ణే. స్విచ్ దగ్గర మీటరు పెట్టాను, సున్నా. ఎక్కడో తీగ తెగిందని తీర్పిచ్చి, దొరికిన ప్రతి తీగనూ లాగి చూశాను. అద్దం జారే రబ్బరుకు నూనె రాశాను. మోటారుకు నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చి చూడొచ్చు కదా అంటారేమో. తట్టాలి కదండీ! తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి మోటారు బోల్టులు వదులు చేసి, అద్దాన్ని రెండు చేతులతో పైకి నెట్టి, మళ్లీ బిగించాను. అద్దం పైన నిలిచింది. అట్టను టేపుతో అంటించి ఆసుపత్రికి పరుగెత్తాను.

అక్క తలంతా కట్టు. ముందు సీట్లో కూర్చోబెట్టి, "అద్దం చెడిందక్కా! ఆ మీట ముట్టుకోకు!" అని అరిచాను.

"చెడితే ఏంట్రా, నువ్వున్నావుగా," అంది.

నేను మెల్లగా కారు కదిలించాను. దారిలో గుంట వచ్చినప్పుడల్లా అద్దం వైపే చూశాను. నా గొప్పకు పోయి అక్క చెవికి ఏమైనా తెచ్చిపెడతానేమోనని నిజంగా భయపడ్డాను. టాక్సీ పిలిచి ఉంటే ఎంత బాగుండేదో! ఎలాగో అద్దం జారకుండానే ఇల్లు చేరాం.

గేటు ముందు కారు ఆపాను. హమ్మయ్య, పని పూర్తయింది. అంతే, నా చెయ్యి దానంతట అదే వెళ్లి తాళం బొత్తం తీసేసింది. అదే సమయంలో, గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడను పలకరిద్దామని అక్క మీట నొక్కింది. అద్దం నూనె రాసిన రబ్బరులో మెత్తగా కిందికి దిగింది.

నేను బొత్తం వైపు చూశాను. కారు దగ్గరికి వచ్చిన మా ఆవిడ, ఇంకా ఆ బొత్తం మీదే ఉన్న నా చేతి వైపు చూసింది. ఆమెకు అర్థమైపోయింది.

"చూశావా అమ్మాయ్!" అక్క తనకు వినపడేంత గట్టిగా, అంటే వీధి చివరికి వినపడేలా అరిచింది. "చెడిందన్నాడు, బాగుచేసేశాడు! వీడి చెయ్యి పడితే చాలు!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. మెల్లగా చెబితే అక్కకు వినపడదు, గట్టిగా చెబితే వీధంతా వింటుంది. సిగ్గుతో చచ్చిపోతూ, "కాదక్కా, తాళం వేసుకున్నది నేనే," అని గొణిగాను.

"ఏంట్రా?" అంది అక్క, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ.

మా ఆవిడ కారు కిటికీలోకి వంగి గొంతెత్తింది. "ఏం లేదు వదినా! కొత్త కారు అద్దం కంటే బాగా పనిచేస్తోందంటున్నారు!"

అక్క మురిసిపోయి నా వీపు చరిచింది. నాకు ఆ పాత రేడియో గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. మా ఆవిడ అక్కను చెయ్యి పట్టి దింపుతూ, నాకు మాత్రమే వినపడేలా అంది:

"రేపు వెళ్లి ఆ ఫ్యాను పైకెక్కించి రండి."