మెయిన్ స్విచ్చికి పెట్టిన బొట్టు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. కానీ ఆ అమావాస్య రోజు పొద్దున పదకొండు గంటలకు ఫ్యాను ఆగి, హాల్లో నాయన మంచం పక్కనున్న ఆక్సిజన్ మిషను కుయ్‌మని అరిచి ఊరుకోగానే, నేను చేసిన రెండో పని కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసి తిట్టడం.

మొదటి పని సిలిండరు తగిలించడం. నాయన హిందూపురంలో మిరపకాయల మండీ నడిపిన మనిషి. ఏళ్ల తరబడి ఆ దుమ్మూ ఘాటూ ఊపిరితిత్తుల్లో చేరి, ఇప్పుడు పగలూ రాత్రీ ఆ మిషను ఇచ్చే గాలి మీదే ఉన్నారు. కరెంటు పోయినప్పుడు వాడుకోవడానికి ఒక చిన్న సిలిండరు ఉంది. అది రెండు గంటలు వస్తుంది, అంతే. గొట్టం దానికి మార్చి గడియారం చూసుకున్నాను.

ఆఫీసులో ఫోనెత్తినాయన నిమ్మళంగా, "లైను బాగుండాది సార్. మీ ఇంట్లోనే ఏమైనా అయిందేమో చూసుకోండి" అన్నాడు.

"మా ఇంట్లో ఏమైతాదప్పా? ముందు మీ ట్రాన్స్‌ఫార్మర్ చూసుకోండి" అని ఇంకో నాలుగు మాటలన్నాను. అంటున్నంతసేపూ పక్కింట్లో మిక్సీ తిరుగుతూనే ఉంది. అది నా చెవిన పడుతూనే ఉంది గానీ, తిట్టడం మొదలుపెట్టాక మధ్యలో ఆపడం నాకు చేతకాదు.

"వీధంతా ఉండాది, మనకే లేదు. ఆ డబ్బా చూడండి" అంది నా భార్య. గోడ మీద స్విచ్చుల డబ్బాలో మెయిన్ స్విచ్ కిందికి పడి ఉంది. పైకెత్తాను. టక్కున పడింది. మళ్లీ ఎత్తాను, మళ్లీ పడింది. పది సార్లు ఎత్తి ఉంటాను. అది నాతో పంతం పట్టిందనిపించింది.

మా ఇంటికి వైరింగు చేసినాయన ఆ రోజు పెనుకొండలో ఎవరిదో కొత్తింటి పనిలో ఉన్నాడు. "నాయన సంగతి నాకు తెలుసు గదన్నా. బండి తీస్తాండా, గంటలో ఆడుంటా" అన్నాడు. ఈలోగా ఊళ్లోనే ఇంకెవరైనా దొరుకుతారేమోనని చూశాను. ఒకాయన ఫోనెత్తలేదు. ఇంకొకాయన అమావాస్య పొద్దు కరెంటు పని ముట్టుకోనన్నాడు. ఆయన్నీ తిట్టాను.

ధర్మవరం నుంచి మా అక్క పది నిమిషాలకొకసారి ఫోన్ చేస్తూనే ఉంది. "ఏమ్రా, నాయన ఎట్లుండాడు? కారు పంపేదా?"

"నీ కారు ఈడికొచ్చేలోపల కరెంటే వస్తాది. పెట్టేయ్ ఫోను" అన్నాను. ఆమె పెట్టేసి, మళ్లీ చేసింది.

నాకు ఒకచోట కాలు నిలవలేదు. హాల్లోంచి గేటు దాకా పోతాను, రోడ్డు చూస్తాను, వచ్చి గడియారం చూస్తాను, స్విచ్ ఎత్తుతాను, అది పడుతుంది. సిలిండరు మీది ముల్లు వైపు చూడ్డానికి మాత్రం ధైర్యం చాలలేదు. నాయన దిండుకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉన్నారు. నిద్రపోతున్నారనుకున్నాను.

గంట దాటింది. నా భార్య తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, "పక్కింట్లోంచి ఒక వైరు లాక్కుంటే సరిపోతాది గదా. మిషనొక్కటే గదా నడవాల్సింది. నేను పోయి అడిగేదా?" అంది.

అది నాకు తట్టలేదని కాదు, మొదటి నిమిషంలోనే తట్టింది. పోయిన వానాకాలం వాళ్ల మిద్దె మీది నీళ్లు మా పెరట్లో పడుతున్నాయని ఆ ఇంటాయనతో గొడవ పడ్డాను. మీ గడప తొక్కితే ఒట్టు అని వీధిలో నిలబడి అన్నాను. అప్పటి నుంచి మాటల్లేవు.

"ఏమీ వద్దు. వాడు దార్లో ఉండాడు. ఇంకో పది నిమిషాలు" అన్నాను. ఆమె లోపలికి పోయింది.

వైరింగాయన వచ్చేసరికి గంటా నలభై నిమిషాలైంది. దారిలో టైరు పంచరైందట. చెప్పులు విడుస్తూనే డబ్బా దగ్గరికి పోయి, గదుల స్విచ్చులన్నీ దించి మెయిన్ ఒక్కటే ఎత్తాడు. పడింది. "ఇంట్లో వైర్లకేం లేదన్నా, ఈ డబ్బాలోనే ఉండాది" అని మీటరు దగ్గర ఫ్యూజు పీకి, మూత విప్పాడు. లోపల మెయిన్ స్విచ్ మీద పచ్చగా, ఎర్రగా ఒక చార కిందిదాకా కారి ఉంది.

"ఏమన్నా, స్విచ్చికి అభిషేకం చేసినారా?" అన్నాడు.

మండీలో ప్రతి అమావాస్యకూ తక్కెడకు, గల్లాపెట్టెకు గంధం, కుంకుమ పెట్టడం నాయన ఆచారం. మండీ మూతపడినా ఆచారం మూతపడలేదు, ఇంటికొచ్చింది. తక్కెడ స్థానంలో ఆక్సిజన్ మిషను, గల్లాపెట్టె స్థానంలో మెయిన్ స్విచ్ చేరాయి. "మనల్ని నిలబెట్టేటివి ఇప్పుడివే గదప్పా" అనేవారు. ఆయన పెడితే గంధం గట్టిగా, మినపగింజంత ఉండేది. ఆ పొద్దున లేవలేక నన్ను పెట్టమన్నారు. నాకు ఏ పనికీ నిదానం లేదు. గంధం నీళ్లలా కలిపి, డబ్బా తలుపు తీసి, మూడు వేళ్లతో పట్టెలా లాగి, కుంకుమ అద్ది నా దారిన నేను పోయాను. ఆ నీళ్లు సందుల్లోంచి లోపలికి దిగాయి. కరెంటు ఆఫీసును, అమావాస్యను, పెనుకొండ రోడ్డును తిట్టిన తిట్లన్నీ ఎవరికి చెందాలో అప్పుడు తెలిసింది.

వైరింగాయన డబ్బా లోపలంతా పొడిగుడ్డతో తుడిచి, తన సంచిలోని కొత్త స్విచ్ బిగించి, ఫ్యూజు పెట్టాడు. ఈసారి ఎత్తితే నిలబడింది. ఫ్యాను తిరిగింది. మిషను గుర్రుమంది. నేను పరుగెత్తి గొట్టం మిషనుకు మార్చి, అప్పుడు సిలిండరు ముల్లు చూశాను. అడుగున ఉండాల్సింది సగం దగ్గరుంది. ఒక్క క్షణం సంతోషపడ్డాను కూడా. తర్వాత సిలిండరుకు గాలి పెంచే, తగ్గించే మర చూశాను. డాక్టరు రెండు మీద పెట్టమన్నాడు, నేను రెండు మీదే పెట్టాను. అది ఒకటి మీదుంది. నాయన గోళ్లు నేరేడుపండు రంగుకు తిరిగి ఉన్నాయి.

"దీన్నెవరు తిప్పినారు నాయనా?"

ఆయన కళ్లు తెరిచారు. ఒక్కో మాటకూ మధ్య గాలి పీల్చుకుంటూ చెప్పారు. "నేనే తిప్పితి. వాడెప్పుడొస్తాడో ఏమో. పక్కింటికి నువ్వు పోయేటోడివి కాదు. అందుకని రవంత తగ్గిస్తి."

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. నా పంతం ఎంతసేపుంటుందో కళ్లు మూసుకునే లెక్కగట్టి, దానికి సరిపడా తన ఊపిరి తగ్గించుకున్నారు మా నాయన. నాకు ఏడుపొచ్చింది. వైరింగాయన సంచి సర్దుకుంటూ అక్కడే ఉన్నాడు. అయినా ఆపుకోలేదు.