గొంతు తగ్గించి పాడిన శుక్రవారాలు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక, అర్దియా పేటలో మేముండే ఇంట్లోనే శుక్రవారం చర్చి ఆరాధన జరుపుకునేవాళ్లం; అక్కడ సెలవు ఆ రోజే. వీధి మొదట్లో సైనికుల కాపలా ఉండేది. గుంపుగా చేరామని తెలిస్తే పట్టుకుపోతారని భయం. కానీ పాట లేని ఆరాధన మాకు చేతకాదు.

పక్క గదిలో ఒక సినిమా నటుడు ఉండేవారు. అక్కడి తెలుగువాళ్ల కోసం ప్రదర్శన ఇవ్వడానికి వచ్చి, విమానాలు ఆగిపోవడంతో చిక్కుకుపోయారు. సినిమాల్లోకి రాకముందు ఆయన పద్యనాటకాల్లో రాజు పాత్రలు వేసేవారు. మైకు లేకుండానే చివరి వరుస దాకా వినిపించే గొంతు ఆయనది.

మా మొదటి పాటకే ఆయన తలుపు తోసుకుని వచ్చేశారు.

"మీ దేవుడికి చెవుడా అమ్మా? నా తొలి సినిమాలో నేనూ ఇలాగే అరిస్తే సౌండ్ ఇంజనీరు చెవులు మూసుకున్నాడు. మైకు ముందు మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాను. ఒళ్లో బిడ్డ నిద్రపోతోందనుకుని పాడండి."

"రాజు ఏసాలేసినోళ్లు మాకు జోలపాటలు నేర్పుతాండారా సామీ?" అంది మా వదిన.

నేర్చుకున్నాం. ఆయన ఎదురుగా నిలబడి, గొంతు ఎంత తగ్గించాలో చేత్తో చూపించేవారు. చెరసాలలో భక్తులు పాడితే పునాదులు కదిలాయని బైబిలు వాక్యంలో ఉంది. మేము కిటికీ అద్దం కూడా కదలకుండా పాడాం. ఒకసారి సైనికుల జీపు మా కిటికీ కిందే ఆగింది. ఆయన చెయ్యి ఇంకాస్త కిందికి దించారు. పాట సన్నబడింది గానీ ఆగలేదు. జీపు వెళ్లిపోయింది. దేవుడు విన్నాడు, వాళ్లు వినలేదు.

చివరికి అందరం కలిసే బయలుదేరాం. జోర్డాన్ సరిహద్దు దాటి బస్సు దిగగానే వదిన అడిగింది: "సామీ, ఇంక అరవచ్చునా?"

ఆయన ఎడారిలో నిలబడి మా పాటనే పద్యంలా రాగం తీశారు. మేమంతా గొంతెత్తి అందుకున్నాం.