మేత కంపెనీ మానేసిన అబ్బాయి

రొయ్యల మేత కంపెనీ నుంచి నాగాయలంకలోని మా చెరువు చూడ్డానికి ఓ అబ్బాయొచ్చేవాడు. మాట్లాడేటప్పుడల్లా మెడలో కార్డు తడుముకునేవాడు. ఉద్యోగం మానేశాక, కార్డు లేకపోయినా చెయ్యి అక్కడికే పోయేది.

"సొంత కంపెనీ పెట్టానండి పిన్నిగారూ. నీళ్ళలో గాలి తగ్గితే మీ ఫోను మోగుద్ది. ముందు మీ చెరువులో ఆ మిషను పెట్టనివ్వండి" అన్నాడు.

"ఆ పనేదో మీ పెద్ద కంపెనీ చెయ్యదా?"

"వాళ్ళకి వందెకరాలోళ్ళే కావాలండి. చిన్న చెరువులు ఎట్టా పోతన్నాయో అక్కడుండే చూశాను."

మా ఆయన పోయాక నాకు మిగిలింది ఆ చెరువొక్కటే. భయపడుతూనే సరేనన్నాను.

ఓ పొద్దున మబ్బేసింది. మబ్బేస్తే నీళ్ళలో గాలి తగ్గి రొయ్య చచ్చిపోద్ది. ఫోనైతే మోగలేదు. మనసాగక చెరువుకి పోతే, అతను నాకన్నా ముందే గట్టు మీదున్నాడు. మేత తిన్నాయో లేదో చూసే ట్రే పైకి లాగుతున్నాడు.

"నీ మిషన్ని నువ్వే నమ్మవా అబ్బాయ్?"

"నమ్ముతానండి. భయం మాత్రం పోవట్లేదు."

ట్రేలో రొయ్యలు ఎగిరెగిరి పడ్డాయి. అతను బురదలోనే చతికిలబడ్డాడు.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక చెరువు పోతే ఇంకో చెరువుకి వెళ్ళేవాడు. ఇప్పుడు నాది పోతే అతనికీ ఇంకోటి లేదు. నాతోపాటు భయపడే మనిషొకడు దొరికాడని, ఆ పొద్దున్నే అతన్ని నమ్మాను.