సరస్సు కావలి

హెర్మినియో మనివారి పదేళ్లుగా తాబేళ్ల మనిషి. మరాన్యోన్ నది ఒడ్డున తాబేళ్లు పెట్టిన గుడ్లను ఏరి తెచ్చి, ఊళ్లో ఇసుక పెట్టెల్లో పొదిగించి, పిల్లల్ని అభయారణ్యంలోని సరస్సులో వదిలేవాడు. ఆ ఏడు మూడు వేల పిల్లల్ని వదిలిన వారానికే ఎగువన చమురు కంపెనీ గొట్టం పగిలి, ముడి చమురు నదిలో కలిసింది.

చమురు సరస్సులోకి రాకుండా, నదిని సరస్సును కలిపే కాలువ మూతికి అడ్డంగా నీళ్ల మీద తేలే కంచె కట్టారు. పడవ వస్తే తాడు విప్పాలి, దాటగానే మళ్లీ కట్టాలి. ఆ కావలి పని కంపెనీ వాళ్లు హెర్మినియోకే ఇచ్చారు. ఇంకెవరికిస్తారు? ఆ సరస్సంటే ప్రాణం పెట్టేవాడు అతనే కదా!

మూడో రోజు మధ్యాహ్నం సోయిలా పడవ వచ్చింది. జ్ఞానస్నానం నాడు అతని కూతురికి జ్ఞానతల్లిగా నిలిచిన మనిషి ఆమె. అంటే సొంత వదినకంటే ఎక్కువ. అతను తాడు విప్పగానే కర్రపెండలం కల్లు ముంత అందించింది.

"ఇప్పుడొద్దొదినా, డ్యూటీలో ఉన్నా."

"ఏం మరిదీ, కంపెనీ టోపీ పెట్టగానే నా చేతి కల్లు చేదైందా? తాబేళ్లకి కాపలా ఏంటి, అవేమన్నా పారిపోతాయా?"

ఇచ్చిన ముంత ఖాళీ చేయకుండా లేవడమంటే మా వైపు చెంప మీద కొట్టినట్టే. తాగాడు. ఆమె మళ్లీ నింపింది. కబుర్లలో పడ్డారు. ఆమె వెళ్లాక అతనికి కునుకు పట్టింది. లేచేసరికి తాడు విప్పింది విప్పినట్టే ఉంది. నల్లటి తెట్టు సరస్సులోకి పాకిపోయింది.

మర్నాడు కంపెనీ ఇంజనీరు వచ్చి, "పాత తాడు, తెగిపోయింది" అని రాసుకుపోయాడు. హెర్మినియో ఆ మాటే సాగనిచ్చాడు. రెండు రోజులు ఊరంతా "పాపం, వాడి తాబేళ్లు" అంటుంటే సిగ్గుతో చచ్చిపోయాడు. చివరికి ఊరి పెద్ద తెల్మో ఇంటికి వెళ్లాడు.

"తాడు తెగలేదు పెద్దాయనా. నేనే కట్టలేదు. తాగి పడుకున్నా."

తెల్మో అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"గొట్టం నువ్వు పగలగొట్టావుట్రా? ఈ మాట ఇక్కడితో వదిలెయ్. పోయి బతికినవేమైనా ఉంటే చూడు."

క్షమించేశాడు. నాలుగు తిట్టినా బాగుండేది. క్షమించాక ఆ తప్పు మొయ్యడానికి హెర్మినియో ఒక్కడే మిగిలాడు.

పడవేసుకుని సరస్సులోకి వెళ్లాడు. ఒడ్డు గడ్డిలో ఒక తాబేలు పిల్ల ఇంకా కదులుతోంది. వంటనూనెలో గుడ్డ ముంచి దాని కళ్లు, ముక్కు, డిప్ప మెల్లగా తుడిచాడు. మురికంతా పోయాక అది నీళ్ల కోసం అరచేతిలో కాళ్లు కొట్టుకుంది. దాన్ని పట్టుకుని సరస్సు నాలుగు వైపులా తిరిగాడు. వదలడానికి చారెడు మంచి నీళ్లు కనిపించలేదు.