కోదాడ బీరువాలోని బోర్బన్ సీసా

ఈ ప్రయాణం గురించి రాయకూడదనే అనుకున్నాను. రాస్తే పోయేది నా పరువే. కానీ వెళ్లే ముందు ఇదే బ్లాగులో గొప్పగా చాటుకున్నది కూడా నేనే కాబట్టి, "ఆ సీసా సంగతేమైంది?" అని అడుగుతున్న వాళ్లకు మొహం చాటేయడం కుదరడం లేదు. విషయం మొదలైంది ఒక ఫోన్‌తో. బోర్బన్ విస్కీ గురించి నేను రాసిన వ్యాసం ఎవరో చదివి వినిపిస్తే, మిర్యాలగూడ నుంచి యాదగిరి అనే ఆయన నా నంబరు సంపాదించి ఫోన్ చేశారు. రైస్ మిల్లులో మిషన్ ఆపరేటర్‌గా చేసి మానేశారట. "సార్, మా తమ్ముడు నర్సింహ ఓడల మీద వంట చేసేటోడు. ఏదో దేశంల ఓ సీస కొనుక్కొచ్చిండు. పిచ్చోడా, గంత పెట్టి కొన్నవ్, నిన్నెవడో ముంచిండని ఇంట్ల అందరం నవ్వినం. ఇగ ఓడ దిగి ఇంటికాన్నే ఉంట గద, గప్పుడు ఇద్దరం తాగుదమని దాచిపెట్టిండు. ఆడు దిగిండు గని, రోగమొచ్చి పోయిండు. మీరొచ్చి జర రుచి సూసి, మంచిదో కాదో ఒక్క మాట చెప్తే సాలు" అన్నారు.

మరదలి చేత సీసా ఫొటో తీయించి పంపించారు. పదిహేనేళ్లు పీపాలో ఊరిన బోర్బన్. కొన్ని సీసాలే నింపి ఆపేసిన రకం, లేబుల్ మీద సీసా నంబరు చేత్తో రాసి ఉంది. పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు కానీ, నాకు మాత్రం ఉట్టి తనంతట తానే తెగి ఒళ్లో పడింది. తమ్ముడు పోయాడని ఆయన చెప్పిన మాట విన్నాను, "అయ్యో" అని కూడా అన్నాను. ఆ వెంటనే మూత సీలు సరిగా ఉందో లేదో దగ్గరగా ఇంకో ఫొటో తీసి పంపమన్నాను.

ఆదివారం పొద్దున ఆరింటికి ఎల్బీనగర్‌లో బస్సెక్కాను. సూర్యాపేటకు టికెట్ రెండు వందల యాభై లోపే, తొమ్మిదికల్లా దిగిపోయాను. నా బ్యాగులో రుచి చూసేందుకు వాడే మూడు సన్నమూతి గ్లాసులు, చుక్కలు వేసే గొట్టం, నోటుపుస్తకం, నమూనా పట్టుకెళ్లడానికి ఒక చిన్న గాజు సీసా ఉన్నాయి. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ తిన్నాను. వడ్డించే ఆమె ప్లేటు మీద కారంపొడి చల్లబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, మధ్యాహ్నం ముఖ్యమైన పనుంది, నాలుక చెడిపోతుందన్నాను. "ఇంత కారానికే చెడిపొయ్యే నాలికతోని ఏం పని చేస్తవ్ సారూ?" అందామె. పక్క బల్ల దగ్గర చాయ్ తాగుతున్న సైదులు పకపకా నవ్వాడు. ఆ రోజుకు నేను మాట్లాడుకున్న కారు డ్రైవరు అతనే అని తర్వాత తెలిసింది. యాభై ఏళ్లుంటాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టి మళ్లీ సూర్యాపేటలో దింపడానికి డీజిల్‌తో కలిపి మూడు వేల ఐదు వందలు. ఇలా వెళ్లాలనుకునేవాళ్లు ముందే ఖాయం చేసుకుంటే మంచిది, ఆదివారాల్లో పెళ్లిళ్లుంటే బండ్లు దొరకవు.

మిర్యాలగూడకు సూర్యాపేట నుంచి నేరుగా గంటలో పోవచ్చు. కానీ సీసా కోదాడలో ఉంది, నర్సింహ భార్య విజయ దగ్గర. ఆమె అక్కడ ప్రైవేటు బడిలో టీచరు. హైవే మీద ముప్పావు గంటలో కోదాడ చేరాం. వీధి చివర ఆమె తయారుగా నిలబడి ఉంది. సీసాను తువ్వాలులో చుట్టి చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. కారెక్కి వెనక సీట్లో కూర్చుని ఒళ్లో పెట్టుకుంది.

హుజూర్‌నగర్ దాటేదాకా నేనే మాట్లాడాను. బోర్బన్‌ను ముఖ్యంగా మొక్కజొన్నతో చేస్తారని, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచుతారని, ఆ ఏళ్లలో పీపాలోంచి కొంత కొంత ఆవిరై పోతుందని చెప్పాను. "ఆ పోయినదాన్ని వాళ్లు నష్టం అనుకోరు. దేవదూతల వాటా అంటారు. ఎంత గొప్ప ఆలోచనో చూడండి" అన్నాను. సైదులు అద్దంలోంచి నావైపు చూసి, "మంచిగున్నది సార్ మాట" అన్నాడు. నాకు ఇంకా హుషారొచ్చింది.

అప్పుడు విజయ అంది, "ఆయన పోయి మొన్న బుధవారానికి ఏడాదైందండీ. ఏడాది వెళ్లేదాకా ముట్టుకోకూడదని బావగారు, నేను అనుకున్నాం."

నేనేమన్నానో ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఈ ఏడాదీ సీసాను నిలబెట్టే ఉంచారా, పడుకోబెట్టారా? పడుకోబెడితే బిరడా పాడవుతుంది."

ఆమె కాసేపు కిటికీలోంచి పొలాలవైపు చూసింది. "నిలబెట్టే ఉంచానండీ. బీరువాలో, ఆయన చొక్కాల మధ్య" అంది.

నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ చేరేసరికి పన్నెండున్నర. కోదాడ నుంచి గంటన్నర పట్టింది, మధ్యలో వడ్ల ట్రాక్టర్ల వెనక నెమ్మదిగా సాగాం కాబట్టి ఆ మాత్రం ఆలస్యం. యాదగిరి గారి ఇల్లు మిల్లుల వెనక వీధిలో ఉంది, గాలిలో ఊక వాసన. మనిషి బక్కపలచగా ఉన్నారు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నారు. ఆయన భార్య మటన్ వండింది. ముందు తిందామన్నారు. మసాలా తగిలితే రుచి తెలియదని, పని అయ్యాకే భోజనం అన్నాను. ఆ ఇంట్లో అంతా నా నాలుక చెప్పినట్టే నడిచారు.

ముందుగది మధ్యలో స్టూలు వేసి సీసా పెట్టారు. గోడ మీద దండ వేసిన ఫొటోలో నర్సింహ తెల్ల టోపీ పెట్టుకుని నవ్వుతున్నాడు. మూత నేనే తీశాను. మూడు గ్లాసుల్లో పోశాను, నాకొకటి, యాదగిరి గారికొకటి, డ్యూటీలో ఉన్నానని సైదులు వద్దనడంతో మూడోది ఊరికే ఫొటోలో బావుంటుందని. యాదగిరి గారు గ్లాసు తీసుకుని చెప్పులు విడిచారు. ఫొటో ఉన్న గోడ దగ్గరికి వెళ్లి, వంగి, గ్లాసు నేలవైపు వంచబోయారు.

నేను ఒక్క అంగలో వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "అయ్యో, నేలపాలు చేయకండి! ఇలాంటిది మళ్లీ పుట్టదు, ఒక్క బొట్టు కూడా వృథా కాకూడదు!"

అది సాక. తాగే ముందు పోయినవాళ్లకు, అమ్మవారికి నేల మీద కొంచెం వదలడం. నాకు తెలియదని రాస్తే మీరు నమ్ముతారు, నేను తప్పించుకోవచ్చు. కానీ నాకు తెలుసు. కల్లు దగ్గర ఎన్నోసార్లు చూశాను. ఆ ఆచారం ఎంత అందమైనదో ఇదే బ్లాగులో ఒక పేరా రాసి మెప్పులు కూడా పొందాను. కల్లుకు చేసేది బోర్బన్‌కూ చేస్తారని మాత్రం నా బుర్రకు తట్టలేదు. ఇంత ఖరీదైన సీసా ముందు పెట్టుకున్నాక వాళ్లు కూడా నాలాగే మారిపోవాలని అనుకున్నానేమో.

యాదగిరి గారు మెల్లగా నిటారుగా నిలబడి, "సరే సార్" అన్నారు. గ్లాసు స్టూలు మీద పెట్టి కుర్చీలో కూర్చున్నారు. తర్వాత అరగంట నేను వాసన చూశాను, చప్పరించాను, రెండు నీటిచుక్కలు వేసి మళ్లీ చప్పరించాను. కాల్చిన చక్కెర, ఎండుచెర్రీ, పాత చెక్కపెట్టె, చివర్లో మిరియం ఘాటు అంటూ గట్టిగా చెబుతూ రాసుకున్నాను. ఫొటోలు తీశాను, సైదులుతో నావి కూడా తీయించుకున్నాను. అడిగి మరీ నా గాజుసీసా నింపుకున్నాను. తర్వాత మటన్ తిన్నాను, బాగుందని రెండోసారి వేయించుకున్నాను. విజయ ఆ రాత్రికి అక్కడే ఉంటానంది. మూడున్నరకు బయల్దేరాం.

ఊరు దాటి పావుగంట అయ్యుంటుంది. బ్లాగు కోసం ఫోన్‌లో ఫొటోలు చూసుకుంటున్నాను. మొదటి ఫొటోలో యాదగిరి గారి గ్లాసు ఎంత ఉందో, చివరి ఫొటోలోనూ అంతే ఉంది. ఒకటొకటిగా వెనక్కి వెళ్లి చూశాను. నా గ్లాసు తగ్గుతోంది, మళ్లీ నిండుతోంది, మళ్లీ తగ్గుతోంది. ఆయనది కదల్లేదు. ఒక ఫొటోలో అయితే నేను కళ్లు మూసుకుని ఆస్వాదిస్తుంటే, నా వెనక ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తున్నారు.

"సైదులూ, ఆయన అసలు తాగలేదేంటి?" అన్నాను.

"సాక పొయ్యకుండ ఎట్ల తాగుతడు సార్?" అన్నాడు సైదులు రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా. గేరు మార్చి, "దేవదూతలకు వాటా ఉంటదని పొద్దుగాల మీరే చెప్తిరి. కొనుక్కొచ్చినోనికి ఉండదా?" అన్నాడు.

ఎవరో చెంప మీద కొట్టి ఉంటే కాస్త తేలికయ్యేది. "బండి తిప్పు" అన్నాను. యాదగిరి గారికి ఫోన్ చేస్తే విజయ ఎత్తింది. "బావగారు ఇంట్లో లేరండీ, వాడపల్లి వెళ్లారు. ఆ గ్లాసులోది చిన్న స్టీలు డబ్బాలో పోసుకుని బండి మీద పోయారు" అంది. నర్సింహ అస్థికలు కలిపింది అక్కడేనట. నేను క్షమాపణ మొదలుపెడితే, "బావగారితోనే చెప్పండి" అని పెట్టేసింది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బావుండునని అనిపించింది.

దామరచర్ల మీదుగా వాడపల్లికి మిర్యాలగూడ నుంచి ముప్పావు గంట. సిమెంటు లారీలు ఎక్కువ, దుమ్ము కూడా అంతే. మూసీ వచ్చి కృష్ణలో కలిసేచోట మెట్ల దగ్గర ఐదింటికి దిగాను. యాదగిరి గారు మోకాళ్ల దాకా ప్యాంటు మడిచి కింది మెట్టు మీద కాళ్లు కడుక్కుంటున్నారు. పక్కన స్టీలు డబ్బా. నన్ను చూసి కంగారుగా లేచారు. "ఏమైంది సార్, ఏమన్న మర్చిపోయిండ్రా?"

జేబులోంచి గాజుసీసా తీసి ఆయన చేతిలో పెట్టాను. "తప్పు చేశానండీ. మీ చెయ్యి పట్టుకుని ఉండకూడదు" అన్నాను.

"గంత మాటెందుకు సార్. దాని ఇలువ మీకు ఎరుక, మాకేం ఎరుక?" అన్నారాయన. నన్ను దెప్పడానికి కాదు, నిజంగానే అన్నారు. "నేలపాలు చెయ్యొద్దంటిరి గద. గందుకే నీళ్లకు తెచ్చిన."

నేను మెట్టు మీద కూర్చున్నాను. అతిథి నోటి నుంచి వచ్చిన తెలివితక్కువ మాటను కూడా కొట్టిపారేయకుండా, దాన్ని దాటకుండా తమ్ముడి వాటా తమ్ముడికి ఇవ్వడానికి దారి వెతుక్కుని ఇంతదూరం వచ్చారాయన. ఆ స్టూలు ముందు దేని విలువ ఎంతో తేల్చడానికి కూర్చున్నవాణ్ని నేను.

ఆయన డబ్బా మూత తీసి, సన్నటి ధారగా నీళ్లలో వదిలారు. అడుగున ఒక గుక్క ఉంచుకున్నారు. నా గాజుసీసాలోది కూడా వదిలారు. తర్వాత ఆ గుక్క తాగి, కళ్లు చిట్లించి, మూతి తుడుచుకున్నారు. నావైపు తిరిగి అడిగారు.

"మంచిదేనా సార్? మీరు శానా చెప్పిండ్రు, చెర్రీలన్నరు, చెక్కపెట్టెలన్నరు. నేను పిలిచింది గా ఒక్క మాటకు. అదే అనలే."

అరగంట ఉపన్యాసంలో, మూడు పేజీల రాతలో ఆ మాట లేదు. "మంచిదండీ. నా జన్మలో ఇంత మంచిది తాగలేదు. మీ తమ్ముణ్ని ఎవరూ ముంచలేదు" అన్నాను. అది నిజం, ఆయన్ను ఊరడించడానికి అన్నది కాదు.

ఆయన నీళ్లవైపు తిరిగి గొంతు కాస్త పెంచారు. "ఇన్నవారా నర్సింహా? మంచిదేనట."

ఆ సీసాకు నేను మార్కులు వేయలేదు, రుచి గురించి రాసుకున్న పేజీలు ఇక్కడ పెట్టడం లేదు, మన్నించండి. ఇరవై ఏళ్లుగా ఊళ్లు తిరిగి రుచులు నేర్చుకున్నానని అనుకునేవాణ్ని. అదే గదిలో కూర్చున్న మనిషి గ్లాసు నిండుగా ఉందని ఫొటోలో చూస్తే గానీ తెలియలేదు. ఇంటికొచ్చాక సాక గురించి నేను రాసిన పాత పేరా మళ్లీ చదివాను. బాగానే రాశాను. దాన్ని తీసేయలేదు, కింద ఈ పోస్టు లింకు పెట్టాను. సైదులు సూర్యాపేటలో దింపుతూ, వాడపల్లికి అదనంగా ఇవ్వబోతే తీసుకోలేదు. "ఆయిన కోసం పోయినం గద సార్" అన్నాడు. నన్ను మాత్రం ఒక్క మాటతో కూడా ఊరడించలేదు, అదీ న్యాయమే.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. వాడపల్లి సంగమానికి సాయంత్రం నాలుగున్నరకల్లా చేరుకునేలా చూసుకోండి, ఎండ తగ్గుతుంది, లారీల రద్దీకి ముందే వెనక్కి రావచ్చు. ఇటువైపు ఎవరింట్లోనైనా మీకోసం సీసా మూత తీస్తే, అది గుడుంబా అయినా పదిహేనేళ్ల బోర్బన్ అయినా, గ్లాసు పెదవికి ఆనించకుండా ఆగండి. ముందు ఇంటాయన చెయ్యి నేల దాకా వెళ్లి రానివ్వండి.