సగం జవాబు నాది, సగం మా ఆవిడది

రెండువేల ఎనిమిదిలో జగ్గయ్యపేట నెట్ సెంటర్‌లో కూర్చుని, ప్రశ్నలు-జవాబుల సైట్‌లో లోకానికి సలహాలు రాసేవాణ్ణి. సెంటర్‌లో అందరూ నన్ను "గురువుగారూ" అనేవారు. జవాబు మాత్రం ఏదీ పూర్తి చేయలేదు. మేధావులకు తొందరెందుకు? సగం రాసి సేవ్ చేసేవాణ్ణి.

ఓ రోజు ఒకావిడ, "మా ఆయన కోతలు మాన్పించడమెలా?" అని అడిగింది. "ఓపిగ్గా వినాలమ్మా. మా ఆవిడైతే..." అని రాసి సేవ్ చేశాను. ఇంతలో నందిగామ బస్సు హారన్ వినబడితే పేజీ మూయకుండానే పరుగెత్తాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి సెంటరంతా నవ్వులు. ఓనర్ మస్తాన్, "గురువుగారూ, మధ్యాహ్నం హాల్‌టికెట్ కోసం అక్క వచ్చిందండీ. మీ జవాబు పూర్తిచేసి పంపేసింది. అడిగినావిడ దాన్నే బెస్ట్ ఆన్సర్ అందండీ!" అన్నాడు.

మస్తాన్ అక్క అనేది మా ఆవిడని. టైపింగ్ లోయర్ పాసై, హయ్యర్ పరీక్షకు కట్టిన మనిషి. పేజీ తెరిచి, నా సగం తర్వాత చదివాను.

"ఆ 'మా ఆవిడ'ని నేనే. పరిటాలలో నూట ముప్పై అయిదు అడుగుల హనుమంతుడి విగ్రహానికి కొలతలిచ్చింది తనేనంటాడు ఈయన. కోత మొదలెట్టగానే పొయ్యి ఆర్పేయండి. ఆకలేస్తే అదే ఆగిపోద్ది."

నా పేరు మీద వచ్చిన బెస్ట్ ఆన్సర్ అదొక్కటే. అది రాసింది నేనేనని ఇప్పటికీ చెప్పుకుంటుంటాను. చెబుతున్నంతసేపూ మా ఇంట్లో పొయ్యి వెలగదు.